పొందూరు దారిలో రేడియో గరగర

విశాఖ నుంచి శ్రీకాకుళం వెళ్లే జాతీయ రహదారి మీద చిలకపాలెం దగ్గర ఎడమకి తిరిగితే పొందూరు దారి. సన్న ఖద్దరుకి పేరుపడ్డ ఊరిది. 1949 నుంచి ఇక్కడ ఖాదీ కార్మికుల సంఘం ఉంది. వడకడానికి ముందు పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో ఏకుతారు. నలక పోయాకే నూలు.

ఈమధ్య ఈ ఊరికి ఓ పాత లారీలో వచ్చాను. సరుకు దింపగానే డ్రైవరు ఆటో ఎలక్ట్రీషియన్ షాపు వెతికాడు. దారంతా రేడియో గరగర. ఫోన్లో పాటలున్నాయి కదా అంటే, "తిత్లీ నాడు ఫోను పనిసేసిందేటి బాబూ?" అన్నాడు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున ఆ తుపాను పలాస వైపు తీరం దాటింది. కరెంటు పోయింది, చాలాచోట్ల ఫోన్లు మూగబోయాయి. అలాంటప్పుడు లారీ బ్యాటరీ మీద నడిచే రేడియోయే దిక్కు.

"కొత్త సెట్టు పెట్టీమంటావా బాబాయ్?" అనడిగాడు డ్రైవరు.

"సెట్టు తర్వాత. ముందు గోల ఎక్కడిదో సూద్దాం. ఇంజిన్ ఆపీ" అన్నాడు పెద్దాయన.

ఆపగానే సన్నటి కూత పోయింది. యాక్సిలరేటర్‌తో పాటు పెరిగే కూత ఆల్టర్నేటర్‌ది. డీజిల్ ఇంజిన్‌కి స్పార్క్ ప్లగ్గులుండవు కాబట్టి అనుమానం దానిమీదే. రేడియో కరెంటు తీగకి ఫిల్టర్ కట్టాడు. తర్వాత ఫోన్ చార్జర్ పీకాడు. మరికాస్త గోల తగ్గింది. చవక చార్జర్లు మీడియం వేవ్‌కి పెద్ద శత్రువులు.

అయినా స్టేషన్ బలహీనంగానే ఉంది. అప్పుడు ఏరియల్ మీద పడ్డాడు. మీటరు పెట్టి చూస్తే కడ్డీకీ ప్లగ్గు నడిమి పిన్నుకీ సంబంధం ఉంది, కడ్డీకీ బాడీకీ లేదు. అంటే తీగ బాగానే ఉంది. ఏరియల్ మొదలు బాడీని పట్టుకునే చోట మాత్రం తుప్పు. ఎర్త్ అందడం లేదు. గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది, బిగించి, పైన గ్రీజు రాశాడు. చివరికి మీడియం వేవ్ పై కొసలో ఓ సన్నటి స్టేషన్ పెట్టి, సెట్టుకున్న ట్రిమ్మర్ స్క్రూని అది గట్టిగా వినబడేదాకా తిప్పాడు.

927 కిలోహెర్ట్జ్ దగ్గర విశాఖ పలికింది. 1963లో మొదలైన కేంద్రం. ఎఫ్ఎం కొండ అడ్డొస్తే తగ్గిపోతుంది. మీడియం వేవ్ నేలని పట్టుకుని పాకుతుంది. విశాఖ ఇక్కడికి నేరుగా కొలిస్తే వంద కిలోమీటర్ల లోపే.

రైల్వేస్టేషన్ వైపు వెళ్లేసరికి మళ్లీ బర్రుమంది. డ్రైవరు మొహం మారింది. కానీ పెద్దాయన ముందే చెప్పాడు, "రైలు కరెంటు తీగల కింద గోల మన్ది కాదు, దాన్ని బాగుచెయ్యాలని సూడకు" అని. కాస్త దూరం పోయాక మాట స్పష్టమైంది. ఏ గోల మనదో, ఏది కాదో తేల్చుకున్నాక అయిన ఖర్చు ఓ ఫిల్టరు, గరుకు కాగితం, కాస్త గ్రీజు.