నల్లమల నల్ల తేనె

దేవరకొండ వైపు నుండి వచ్చి డిండి వాగు దాటితే నల్గొండ జిల్లా వెనుకబడి పాత మహబూబ్‌నగర్ జిల్లా మొదలవుతుంది. దారికి ఇరువైపులా ఆముదపు చేలు, పత్తి చేలు, నడుమ నడుమ బోడి గుట్టలు. మన్ననూరు చేరేసరికి గాలి మారుతుంది. అక్కడి అటవీశాఖ చెక్‌పోస్టు రాత్రి తొమ్మిది దాటితే శ్రీశైలం వెళ్లే బండ్లను వదలదు. ఇక ఫరహాబాదు, వటవర్లపల్లి, దోమలపెంట వరకు నల్లమల అడవే. 2016 అక్టోబరు నుండి ఇదంతా నాగర్‌కర్నూలు జిల్లా అయినను, పెద్దల నోట పాలమూరు పేరే ఉన్నది.

ఈ అడవిలో చెంచులు తీసే తేనెలో కొన్ని కాలాల తేనె నల్లబెల్లం పాకంవలె ఉంటుంది. నాలుక మీద వేసుకుంటే ముందు తీపి, వెంటనే గొంతులో కాక, చివరకు సన్నని చేదు. మొదటిసారి రుచి చూచినవారు ముఖం చిట్లిస్తారు. అలవాటుపడినవారికి బజారు తేనె చక్కెర నీళ్లవలె తోచును.

తేనెకు రంగు పువ్వునుబట్టి వస్తుంది. ఇప్ప, కానుగ, నేరేడు, మద్ది, ఇంకా పేరు తెలియని తీగలు ఎన్నో ఈ అడవిలో పూస్తాయి. ముదురు రంగు తేనెలో సాధారణంగా ఖనిజ లవణాలు ఎక్కువ. అయితే నలుపంతా పువ్వుదే అనుకోరాదు. పట్టును మొత్తంగా పిండినప్పుడు పుప్పొడి, పిల్లపురుగుల రసం కూడ కలిసి తేనె నల్లబడుతుంది. అట్టిది త్వరగా పులిసిపోతుంది. 19వ కీర్తనలో మనము చదివే 'జుంటితేనె'కు హెబ్రీ మూలములోని మాట, పట్టు నుండి దానంతటదే కారే తేనెను సూచిస్తుంది. చేతితో పిండినదానికీ దానికీ రుచిలోనే భేదం తెలుస్తుంది.

ఈ తేనె చేసేది పెద్ద కొండ ఈగ. అది పెట్టెలలో కాపురముండదు. ఎత్తయిన కొమ్మకో, కొండచరియ క్రిందనో గజం వెడల్పున ఒకే పట్టు కడుతుంది. పట్టు పైభాగాన తేనె, క్రిందిభాగాన పిల్లలు. పైభాగం మాత్రమే కోసి క్రిందిది వదిలితే ఈగలు మళ్లీ కట్టుకోగలవు. మంటపెట్టి పట్టంతా రాల్చితే ఆ గుంపు నశించిపోవును. మరుసటి ఏడు ఆ చరియకు ఈగలు వస్తాయని ఎవరు చెప్పగలరు?

చరియ మీది పట్టుకు పోవాలంటే పైనుండి మోకు పట్టుకొని దిగాలి. క్రింద లోయ. పచ్చి ఆకుల పొగతో ఈగలను తోలి, ఒక చేత్తో పట్టు కోయాలి. పైన మోకు పట్టేవాడు భార్య తోడబుట్టినవాడే కావాలని చెంచుల కట్టుబాటు. తన అక్కచెల్లెలి పసుపు కుంకుమలు ఆ మోకుకు వ్రేలాడుచున్నవి గనుక బావమరిది చేయి వదలడని వారి నమ్మకం. ఇంతకంటె గట్టి పూచీ మరి ఏ బ్యాంకు ఇస్తుంది?

అట్లు తెచ్చిన తేనెను రోడ్డు ప్రక్కన పది రూపాయల కొరకు బేరమాడుట నాకు నచ్చదు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ చెంచుల తేనెను కొంటూ వచ్చింది. 2006 అటవీ హక్కుల చట్టం తేనెను పేరుపెట్టి చెప్పి, దానిని సేకరించి అమ్ముకొనే హక్కు అడవివాసులకిచ్చింది. ఇప్పుడది పులుల అభయారణ్యం కూడ. అయినా ఆ హక్కు చట్టములో ఉన్నదే.

మంచి తేనె నీళ్లలో వేస్తే కరగక అడుక్కు దిగుతుందని మన ఇండ్లలో ఒక పరీక్ష ఉన్నది. అది నమ్మదగినది కాదు. అడవి తేనెలో తేమ ఎక్కువ, పలుచగా ఉంటుంది, త్వరగానే కరుగుతుంది. చిక్కని చక్కెర పాకమైతే చక్కగా అడుక్కు దిగును. 2020లో ఢిల్లీలోని ఒక పరిశోధనా సంస్థ 13 కంపెనీల తేనెలు పరీక్ష చేయించగా, అన్ని పరీక్షలలో నెగ్గినవి మూడే.

ఇంటికి తెచ్చుకున్న తేనెను తడిలేని గాజు సీసాలో, మూత బిగించి ఉంచండి. పుట్టిన బిడ్డ నాలుకకు తేనె నాకించే వాడుక మాత్రం మానండి. ఏడాది నిండని శిశువుకు తేనె ద్వారా ప్రాణాపాయమైన జబ్బు రావచ్చునని వైద్యులు చెప్పుచున్నారు. తక్కినవారు వేడి జొన్నరొట్టెతో తినండి. పాలలో కలిపితే ఆ చివరి చేదు పోతుంది. అది పోయిన తరువాత దాని కొరకు మన్ననూరు దాకా వెళ్లనేల?