తూప్రాన్‌లో బల్లలు చూడబోయి

కోతకాల పండుగ కానుకలు ఈసారి, దేవుని కృప వలన, కొంచెము బాగుగానే వచ్చినవి. మందిరములో చాపల మీద కూర్చోలేని ముసలివారికి పది బల్లలైనా వేయించాలని సంఘ పెద్దలము తీర్మానించుకొని, అయ్యగారితో కలిసి తూప్రాన్ బయలుదేరాము. అంతకు ముందు పట్నములో ఒక దుకాణమున కొన్న నాలుగు బల్లలు ఒక్క వానాకాలానికే కాళ్ళ దగ్గర ఉబ్బి పొట్టు రాలినవి. అందుచేత ఈసారి తయారయ్యే చోటనే కళ్ళారా చూచి కొందామనుకున్నాము.

హైదరాబాదు నుండి నాగపూరు పోయే 44వ నెంబరు జాతీయ రహదారి మీద, పట్నానికి ఇంచుమించు 50 కిలోమీటర్ల దూరములో ఉన్నది తూప్రాన్. 2018లో మున్సిపాలిటీ అయినది. మనోహరాబాద్, కాళ్ళకల్ వైపు దారి పొడవునా రేకుల షెడ్లు, కర్మాగారములే.

మేము వెళ్ళినది చిన్న కర్మాగారము. లోపల దుంగ ఒక్కటైనా కనబడలేదు! ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు గల పలకలు దొంతరలుగా పేర్చి ఉన్నవి. నీలగిరి, సుబాబుల్ వంటి త్వరగా పెరిగే చెట్ల కలపను తునకలు చేసి, జిగురు కలిపి, వేడి మీద అదిమితే ఇటువంటి పలక అవుతుంది. ఇక్కడ ఒక మిషను కోస్తుంది, ఒకటి అంచుకు పట్టీ అంటిస్తుంది, మరొకటి రంధ్రాలు వేస్తుంది. అంచు పట్టీ ఊడి నీరు దిగితే పలక ఉబ్బిపోతుందట. మా పాత బల్లల రోగము అప్పుడు తెలిసినది.

మిషనుకు పలకలు అందిస్తున్న మనిషిని చూచి మాలో ఒకరు, “మన ఊరి వడ్లాయన కదా!” అన్నారు. మా ఊళ్ళో నాగళ్ళు, బండ్లు, దర్వాజలు ఆయన చేతివే. ట్రాక్టర్లు వచ్చాక ఆ పని తగ్గిపోయినది.

“ఉలి పట్టక ఎన్నేళ్ళయింది?” అని అయ్యగారు అడిగారు.

“నాలుగేండ్లాయె అయ్యగారూ. ఈడ ఉలితోని పనే లేదు. అయితేంది, ఒకటో తారీఖు జీతం పడ్తది. ఊర్లనైతే చేసిన పనికి పైసల కోసం తిరుగుడే ఇంకో పనాయె.”

మా కోశాధికారి తల వంచుకున్నారు. మందిరపు తలుపులకు ఆయనకు ఇవ్వవలసిన బాకీ ఇంకా మిగిలే ఉన్నది.

ఆయన ఆ మాట ఎత్తలేదు. “మీ గుడి కారుతది, గివి ఆగవు. తుమ్మతోని చేయించుకోండ్రి” అన్నాడు. బండి చక్రానికి, పొయ్యికి తప్ప తుమ్మ ఎందుకు పనికివస్తుందని మాలో ఒకరు సణిగారు. అయ్యగారు నవ్వి నిర్గమకాండము 25వ అధ్యాయము జ్ఞాపకము చేశారు. మందసమూ తుమ్మకర్రే, సన్నిధి రొట్టెల బల్లా తుమ్మకర్రే. ఆ బల్ల పొడవు రెండు మూరలు, వెడల్పు మూర, ఎత్తు మూరన్నర.

అయితే తుమ్మను కోయగానే వాడరాదు. కొన్ని నెలలు నీటిలో నానవేస్తే పసరు దిగి పురుగు పట్టదు. తరువాత నీడన ఆరబెట్టి, తెల్ల తీసివేసి, చేవ మాత్రమే వాడాలి. “క్రిస్మసుకు కావు” అని తేల్చి చెప్పాడు. మెదక్ దేవాలయము కట్టడానికి పదేళ్ళు పట్టి 1924 క్రిస్మసు నాడు ప్రతిష్ఠ జరిగినది, మనము ఏడాది ఆగలేమా అన్నారు అయ్యగారు.

పాత బాకీ ఆ ఆదివారమే చెల్లించాము. సంఘస్థుడొకరు తన పొలము గట్టున ఉన్న రెండు తుమ్మలు ఇచ్చారు. దుంగలు ఇప్పుడు కుంటలో నానుతున్నవి. వడ్లాయన సెలవు రోజున వచ్చి తిప్పి చూచి పోతున్నాడు. ముసలివారికి మాత్రము ఈ క్రిస్మసుకు అద్దె కుర్చీలే.