దానికి నచ్చలేదట!

విద్యానగర్‌లో నేనుండే రెండు గదుల వాటాలో నాతోపాటు రెండు ఆడపిల్లులుంటాయి. నల్లదాని పేరు మసి, చారలదాని పేరు బూడిద. మా ముగ్గురిలో తిండి గురించి కచ్చితమైన అభిప్రాయాలున్నది ఆ ఇద్దరికే.

నిన్న గిన్నె మెరిసేలా నాకి తిన్న ఉడికించిన చికెన్‌ని ఇవాళ మసి వాసన చూస్తుంది. ముందుకాలితో గచ్చు గీకి, అది పూడ్చిపెట్టాల్సిన పదార్థమని తేల్చేసి వెళ్ళిపోతుంది. బూడిదకి ఫ్రిజ్‌లోంచి తీసింది పనికిరాదు, గోరువెచ్చగా ఉండాలి. గిన్నె మధ్యలోది తిని అంచులది వదిలేసి, గిన్నె ఖాళీ అయిపోయిందన్నట్టు నా మొహంలోకి చూస్తుంది. రాంనగర్ మార్కెట్ నుంచి చేప తెస్తే ఇద్దరూ తింటారు. కానీ వరసగా రెండోరోజు తినరు.

ఇంటికొచ్చిన వాళ్ళంతా ఒకే సలహా ఇస్తారు. "రెండ్రోజులు మాడ్చు. ఆకలేస్తే అవే తింటాయి."

ఈ మాట నేను చిన్నప్పుడే విన్నాను. నాకు కాకరకాయ నచ్చలేదన్నప్పుడు నానమ్మ సరిగ్గా ఇదే అంది. అన్నయ్య వంకాయ తినడు. ఆ సంగతి చుట్టాలందరికీ గర్వంగా చెప్పేవారు, వాడి కోసం వేరే కూర పొయ్యి మీదకెక్కేది. వాడిది ఇష్టం. నాది జిహ్వచాపల్యం. "రేపు అత్తారింట్లో ఎవరు చేసిపెడతారే నీకు?" అనే ప్రశ్న నా కంచం పక్కన మంచినీళ్ళ గ్లాసులా రోజూ ఉండేది.

పిల్లుల విషయంలో ఆ సలహా ప్రమాదకరం కూడా. పిల్లి, ముఖ్యంగా ఒళ్ళు చేసిన పిల్లి, కొన్నిరోజులు తిండి మానేస్తే ఒంట్లో కొవ్వంతా కాలేయంలో చేరి ప్రాణం మీదకొస్తుంది. అది మొండితనంగా కనిపించే చోట చాలాసార్లు శరీరం మాట్లాడుతుంటుంది. పిల్లికి తీపి రుచి తెలీదు. తీపిని గుర్తించే జన్యువుల్లో ఒకటి దానిలో పనిచెయ్యదని 2005లో ఫిలడెల్ఫియాలోని మోనెల్ సంస్థ శాస్త్రవేత్తలు చూపించారు. వెచ్చటి తిండి కోరడం కూడా గారాబం కాదు. అప్పుడే వేటాడిన జంతువు ఒంటి వేడి అది. ఒక ఎలుక ఒక చిన్న భోజనం కాబట్టి రోజుకి చాలాసార్లు కొంచెం కొంచెం తినడం వాటి పద్ధతి. టారిన్ అనే పదార్థం తిండిలో చాలకపోతే పిల్లి గుండె దెబ్బతింటుందని 1987లో కాలిఫోర్నియా పరిశోధకులు తేల్చారు. అది సహజంగా దొరికేది ముఖ్యంగా మాంసంలోనే.

ఈ వాటా దొరక్కముందు ఇద్దరు ఇంటి యజమానులు నాకు ఒకేలాంటి షరతు పెట్టారు. "మాంసం వండకూడదు. పిల్లులకి పాలన్నం పెట్టుకోండి." నా తిండిని, వాటి తిండిని ఒకే వాక్యంలో శుద్ధి చేసేశారు. పెద్దయిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవన్న సంగతి వాళ్ళకి అక్కర్లేదు. తినేవాళ్ళ ఒంటికి ఏం కావాలన్నది ఇల్లున్నవాళ్ళు నిర్ణయించడం మనకి అలవాటైపోయింది.

పాలంటే తెనాలి రామకృష్ణుడి పిల్లి గుర్తొస్తుంది. రాయలవారు తలా ఒక పిల్లిని, దానికి పాలకోసం ఒక ఆవుని ఇస్తారు. రామకృష్ణుడు పిల్లి ముందు మరిగే పాలు పెడతాడు. మూతి కాలిన పిల్లి ఆ తర్వాత పాలగిన్నె కనిపిస్తే చాలు పారిపోతుంది. ఆయన తెలివికి సభంతా నవ్వుతుంది, మనమూ నవ్వుతాం. సాహిత్యం చదువుకున్నదాన్ని కాబట్టి ఇప్పుడు ఆ కథలో నాకు పిల్లే కనిపిస్తుంది. "వద్దు" అనడానికి దానికో చరిత్ర ఉంది. సభలో ఎవరూ దాని మూతి చూడలేదు.

"మనుషులకే తిండిలేని దేశంలో పిల్లులకి ఇన్ని రకాలా?" అని ఒక స్నేహితుడు అడిగాడు. సరైన ప్రశ్నే. పెళ్ళి విందుల్లో ఇరవై రకాలు వడ్డించుకుని సగం పారేసే చోట కూడా అడగాల్సిన ప్రశ్న. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతానికి రక్తహీనత ఉంది, అదే వయసు మగవాళ్ళలో 25 శాతానికి. నెలసరి, కాన్పులు, పేదరికం, కారణాలు చాలా ఉన్నాయి. అందరూ తిన్నాక గిన్నెలో మిగిలింది తినే అలవాటుని కూడా వాటి పక్కనే చేర్చాలి. ఆ అలవాటుకి పిల్లుల చేపముక్క కారణం కాదు.

నాన్న పోయాక అమ్మ బాపట్ల నుంచి నా దగ్గరికి వచ్చింది. మొదటివారం రోజూ అడిగాను, "ఏం వండమంటావమ్మా?" అని. "ఏదైనా పర్లేదు" అనేది. మొహమాటం అనుకుంటారేమో, కాదు. తనకి నిజంగా తెలీదు. నలభై ఏళ్ళు వంట చేసిన మనిషికి ఇంట్లో అందరి ఇష్టాలూ నోటికొచ్చు. నాన్నకి పులుసులో బెల్లం ఎంత, అన్నయ్యకి చారులో మిరియాలు ఎన్ని, అన్నీ చెప్తుంది. తన పేరు దగ్గరికొచ్చేసరికి ఖాళీ.

పిల్లుల వ్యవహారం చూసి మొదట ఆశ్చర్యపోయింది. మసి గిన్నె ముందు నుంచి లేచిపోతే, "దానికి నచ్చలేదట! నువ్వు మళ్ళీ వేరేది పెడతావా?" అంది. పెడతానన్నాను. కొన్నాళ్ళకి తనే బూడిద గిన్నెలో వేణ్ణీళ్ళు కొంచెం కలిపి, వేలు పెట్టి వెచ్చదనం చూడటం మొదలుపెట్టింది. సేవ చేయడం అమ్మకి ఎలాగూ వచ్చు. దాన్ని చూసి మురిసిపోవడం నాకిష్టం లేదు. నేను ఎదురుచూసింది వేరే దానికోసం.

మొన్న సొరకాయ పులుసు పెట్టాను. అమ్మ ఒక ముద్ద తిని, కంచం కొంచెం అవతలికి జరిపింది.

"నాకు సొరకాయ ఎప్పుడూ నచ్చలేదే. మీ నాన్నకని వండేదాన్ని."

"మరి నీకేం కావాలి?"

చాలాసేపు ఆలోచించింది. ఇంకా తేలలేదు. అరవయ్యొక్కో ఏట మొదలుపెట్టింది కదా, టైం పడుతుంది. ఆ పూటకి మాత్రం ఆవకాయ, వెన్నపూస వేసుకుని తింది.