గాజు ఎటు పోతుందని అడగలేదు

మా స్కూలు కంప్యూటర్ ల్యాబ్‌లోని పాత డబ్బా మానిటర్లను పాత సామాన్ల కొట్టుకు అమ్మించింది నేనే. అప్పట్లో గుంటూరు జిల్లాలోని ఆ హైస్కూల్లో సైన్సు చెప్పేవాణ్ణి, ల్యాబ్ బాధ్యతా నాదే. రీసైక్లింగ్ చేసే ఒక కంపెనీకి ఫోన్ చేస్తే నామమాత్రపు ధర చెప్పి, చేరవేసే ఖర్చు మీదే అన్నారు. కొట్టతను అంతకు రెట్టింపు ఇస్తానని ఆటో కూడా తనే పంపాడు. ఆ డబ్బుతో కొత్త కీబోర్డులు వచ్చాయి. స్కూలుకు నాలుగు రూపాయలు మిగిల్చానని సంతోషించాను.

కొన్నాళ్లకు వేరే పనిమీద ఆ కొట్టు పెరట్లోకి వెళ్లాను. మా బళ్లో ఏడో తరగతితో చదువు మానేసిన కుర్రాడు అక్కడ కూర్చుని మానిటర్లు పగలగొడుతున్నాడు. సుత్తితో గాజు గొట్టం మెడ విరిచి, దాని చుట్టూ ఉన్న రాగి తీగచుట్టను లాగి గోనెసంచిలో వేస్తున్నాడు. చేతులకు తొడుగుల్లేవు, ముక్కుకు గుడ్డ లేదు. తెర లోపలి పూత పొడిపొడిగా ముంజేతులకు అంటుకుంది. పక్కనే కాగితంలో బజ్జీలున్నాయి. గాజు పెంకులు వెనక కాలవగట్టు మీద కుప్పగా పడి ఉన్నాయి.

‘‘ఈ గాజేం చేస్తార్రా?’’ అన్నాను.

‘‘దాన్నెవరు కొంటారు సార్, రాగి కోసమేగా ఇదంతా!’’ అన్నాడు.

ఆ గాజులో ఏముందో నాకు తెలుసు. డబ్బా మానిటర్లో ఎలక్ట్రాన్లు వేగంగా వెళ్లి తెరను తాకినప్పుడు ఎక్స్ కిరణాలు పుడతాయి. అవి బయటికి రాకుండా గాజులో సీసం కలుపుతారు. గరాటులా ఉండే వెనక భాగంలో, బరువులో ఐదో వంతుకు పైగా సీసపు ఆక్సైడే. గాజు పగలనంత కాలం ఆ సీసం అందులోనే ఉంటుంది. పగిలి పొడైతే దుమ్ములో, మట్టిలో కలుస్తుంది, చేతి నుంచి నోట్లోకి పోతుంది. నోట్లోకి పోయిన సీసాన్ని పిల్లల ఒళ్లు పెద్దవాళ్లకన్నా నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుంది. అది ఎముకల్లో చేరి ఏళ్ల తరబడి ఉండిపోతుంది, ఎదిగే మెదడును దెబ్బతీస్తుంది. ఇంత వరకు ఉంటే ఫరవాలేదు అనే మోతాదు సీసానికి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇవన్నీ తెలిసిన మనిషినై ఉండి, బేరం దగ్గర ఒక్కటీ గుర్తు చేసుకోలేదు.

కొట్టతను రెట్టింపు ధర ఎలా ఇవ్వగలిగాడో అప్పుడు అర్థమైంది. రీసైక్లింగ్ కంపెనీ ఆ గాజును విడదీసి, జాగ్రత్తగా వదిలించుకోవడానికి ఖర్చు పెట్టాలి. అందుకే మనకిచ్చేది తక్కువ. కొట్టతనికి ఆ ఖర్చే లేదు. గాజు కాలవ పాలు, దుమ్ము కుర్రాడి పాలు. అతను నాకు ఎక్కువిచ్చిన డబ్బు అక్కడ మిగిలిందే. తప్పంతా అతని మీదికి నెట్టలేను. ఆ సరుకు ఆటో ఎక్కించింది నేను.

మానిటర్లతో ఆగేది కాదిది. తీగల్లోని రాగి కోసం పైనున్న ప్లాస్టిక్‌ను కాల్చేస్తే డయాక్సిన్లనే విషపదార్థాలు గాల్లో కలుస్తాయి. బంగారం కోసం సర్క్యూట్ బోర్డులను ఆమ్లాల్లో ముంచి, మిగిలిన నీళ్లు కాలవల్లో పోస్తారు. చైనాలోని గుయూ పట్టణం దశాబ్దాల పాటు ఇదే పని మీద బతికింది. అక్కడి పిల్లల రక్తంలో సీసం ఎక్కువగా ఉందని పరిశోధకులు తేల్చారు. 2022లో ప్రపంచమంతా కలిపి పారేసిన ఈ-వ్యర్థాలు 6.2 కోట్ల టన్నులైతే, పద్ధతి ప్రకారం సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్కకు వచ్చినవి 22.3 శాతమే.

మన దేశంలో 2012 మే 1న అమల్లోకి వచ్చిన ఈ-వ్యర్థాల నిబంధనలు విద్యాసంస్థలు కూడా ఇలాంటి సరుకును అనుమతి ఉన్నవాళ్లకే అప్పగించాలన్నాయి. నేను అమ్మించింది ఆ తర్వాతే. ఆ కుర్రాడికి సీసం సంగతి చెప్పి, చేతులు కడుక్కోకుండా ఏదీ తినొద్దన్నాను. ఆ మాటతో నా బాధ్యత తీరిందని అనుకోను.

బళ్లలో, ఆఫీసుల్లో పాత సామాను లెక్క చూసేవాళ్లకు నా విన్నపం ఒకటే. పాత కంప్యూటర్లు, టీవీలు, యూపీఎస్‌లు అమ్మేముందు కొనేవాళ్లకు కాలుష్య నియంత్రణ మండలి రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూడండి, రసీదు తీసుకోండి. ధర తక్కువైనా వాళ్లకే ఇవ్వండి.