ఆవిరి పట్టిన చేతులు

దేవరకొండ, పాలమూరు తండాల నుంచి వచ్చి మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలిలో ఇళ్ళూ హాస్టళ్ళూ ఆఫీసులూ శుభ్రం చేసే ఆడవాళ్ళం మేము. 1998లో సైబర్ టవర్స్ తెరుచుకున్నాక ఇటువైపు బండరాళ్ళ మధ్య భవనం వెనుక భవనం లేచింది. లేచేదాకా తట్టలు మోయడం, లేచాక తుడవడం, రెండు పనులూ మా తండాలకు తెలిసినవే. ఈ తుడిచే పనిలోకి ఇప్పుడు ఆవిరి మిషన్ వచ్చింది.

ఆవిరి మాకు కొత్త కాదు. జలుబు చేస్తే యాడి కుండలో నీళ్ళు మరిగించి, పసుపూ వావిలాకూ వేసి, మీద గొంగడి కప్పి ఆవిరి పట్టించేది. నులక మంచానికి నల్లులు పడితే ఎండలో వాల్చి సలసల కాగే నీళ్ళు పోసేవాళ్ళం. ఆదిలాబాద్ అడవుల్లో గోండులు ఇప్పపూల కుండ నుంచి లేచే ఆవిరిని చల్లార్చి సారా దింపి, ముందు దేవుళ్ళకు పోస్తారు. ఆవిరి గుణం మా పెద్దలు చేతులతో నేర్చుకున్నదే.

మిషన్‌లో ఉన్నదీ ఆ గుణమే. లీటరు నీరు ఆవిరైతే దానికి 1,600 లీటర్లకు పైగా చోటు కావాలి. మూత బిగించిన బాయిలర్‌లో అంత చోటు దొరకదు గనుక గొట్టం గుండా తన్నుకొస్తుంది. వంటింటి చిమ్నీ జిడ్డు, టైల్స్ సందుల్లోని నలుపు దాని దెబ్బకు మెత్తబడతాయి. వెంటనే గుడ్డతో తుడిచెయ్యాలి, లేకుంటే చల్లారి మళ్ళీ అక్కడే పట్టుకుంటాయి. హాస్టల్ పరుపుల్లో నల్లులుంటే కుట్ల వెంట దగ్గరగా, నిదానంగా పోనివ్వాలి. తొందరపడితే లోపలి గుడ్లు బతుకుతాయి. పరుపు బాగా ఆరాకే దుప్పటి వెయ్యాలి.

దీన్ని మేము ఇష్టపడటానికి కారణం యాసిడ్. బాత్రూంలో యాసిడ్ పోస్తే కళ్ళు మండుతాయి, దగ్గు ఆగదు, వేళ్ళ సందులు ఒరుసుకుపోతాయి. యాసిడూ బ్లీచింగూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. తలుపు మూసిన గదిలో అది ప్రాణాలు తియ్యగలదు. ఆ హెచ్చరిక సీసా మీద ఇంగ్లీషులో ఉంటుంది. ఆవిరికైతే నీళ్ళు చాలు.

అయినా ఆవిరికి భయపడాలి. గ్రాము నీటిని 0 నుంచి 100 డిగ్రీలకు కాచడానికి 100 కేలరీల వేడి పడుతుంది. ఆ కాగిన నీటిని ఆవిరి చెయ్యడానికి ఇంకో 540 కావాలి. చర్మాన్ని తాకి ఆవిరి నీరైనప్పుడు ఆ 540నీ చర్మానికే ఇస్తుంది. అందుకే కాగే నీళ్ళకంటే ఎక్కువ కాలుస్తుంది. కరోనా రోజుల్లో ఆవిరి పట్టబోయి పిల్లలు కాలారని డాక్టర్లు కూడా హెచ్చరించారు.

ఒక అపార్టుమెంటులో మాలో ఒకామె ముంజేయి ఇలాగే బొబ్బలెక్కింది. చేతి తొడుగులు ఇవ్వలేదు, మిషన్ ఎట్లా పట్టుకోవాలో చెప్పలేదు. సూపర్‌వైజర్ వచ్చి ముందు మిషన్ వైపు చూశాడు. పైగా మిషన్ ఉంది గదా అని రోజుకు రెండిళ్ళను మూడు చేశారు. కూలి మాత్రం అంతే.

మిషన్‌తో వచ్చే పుస్తకం మాలో చాలామంది చదవలేరు. అందుకే కొత్తగా వచ్చిన పిల్లలకు మేమే గోర్ బోలిలో చెబుతున్నాం. ఇక్కడి బోరు నీళ్ళతో బాయిలర్‌లో సున్నం పేరుకుంటుంది, ఫిల్టర్ నీళ్ళే పొయ్యాలి. ఒత్తిడి దిగకముందు మూత ముట్టకూడదు. స్విచ్ బోర్డు దగ్గరికి, పాలిష్ లేని చెక్క దగ్గరికి తీసుకుపోకూడదు. చల్లటి అద్దం మీద పెడితే పగులుతుంది. గొట్టాన్ని మనిషి వైపు తిప్పకూడదు, నవ్వులాటకైనా సరే.

ఇవన్నీ చెప్పాక ఇంకొకటి కూడా నేర్పుతున్నాం. పని ఒప్పుకునే ముందు ఎన్ని ఇళ్ళు, కూలి ఎంత అని తేల్చుకోవాలి. చేతి తొడుగులూ బూట్లూ ఇస్తారా అని అడగాలి. ఇవ్వమంటే మిషన్ ప్లగ్ పెట్టకూడదు. ఒక్కతే అడిగితే రేపటి నుంచి రావద్దంటారు. అందుకని నలుగురం కలిసే వెళ్ళి అడుగుతున్నాం.