చెవిలోని అవధాని

వయసు మీదపడినప్పుడు చెవి మొదట పోగొట్టుకొనేది హెచ్చుస్థాయి ధ్వనులను. అచ్చులు వినబడుతూనే ఉంటాయి. హల్లులు, అందునా ఊష్మాలైన శషసలు, జారిపోతాయి. ముప్పయ్యేళ్లపాటు పిల్లలచేత వాటి భేదం పలికించిన నాకిది విధి ఆడిన పరిహాసమే! అందుకే కాబోలు, శ్రవణయంత్రాల వార్తలను ఉగాది పంచాంగంలా శ్రద్ధగా చదువుతుంటాను.

2022లో అమెరికాలో, వినికిడి కొద్దిగా తగ్గిన పెద్దలకు వైద్యుని చీటీ లేకుండానే ఈ యంత్రాలు అమ్మవచ్చునన్నారు. 2024లో, పాటలు వినే యాపిల్ ఎయిర్‌పాడ్స్ ప్రో 2 చేతనే ఆ పని చేయించే సాఫ్ట్‌వేరుకు అక్కడి ఎఫ్‌డీఏ అనుమతినిచ్చింది. చూసేవారు ముసలాయన పాటలు వింటున్నాడనుకుంటారు గాని చెవిటివాడనుకోరు. అదొక మేలు.

నన్ను ఆలోచింపజేసేది మరొకటి. తొలినాటి యంత్రాలు అన్ని ధ్వనులనూ పెద్దవి చేసేవి. నేటివి మాటనూ రొదనూ వేరుచేసి, రొదను అణచివేస్తాయి. సంతలో, పెళ్లిపందిట్లో అది వరమే. కాని అష్టావధానం మాటేమిటి? గంట మాట కాదు గదా, అయినా దాని మోతలు లెక్కించి చెప్పడం అవధానంలో ఒక అంశం. సమస్య ఇచ్చే పృచ్ఛకునిదీ, అప్రస్తుత ప్రసంగం చేసేవానిదీ రెండూ మాటలే. వీటిలో ఏది వినదగినదో యంత్రం నిర్ణయిస్తుందా?

ఆ అణచివేతను తగ్గించుకొనే వీలు కొన్ని యంత్రాలలో ఇప్పటికే ఉన్నది. ఆ మీట ఎల్లప్పుడూ నా వేలికిందనే ఉండాలి. మనుమరాలు కబుర్లు చెబుతుంటే, వెనుక వంటింట్లో పోపు చిటపటలు కూడా నాకు కావాలి.