పాలపన్ను

ఊడిన పాలపన్నును గుప్పిట బిగించి ఇంటికప్పు మీదికి విసరడం తెలుగు పల్లెలలో బిడ్డలకు ఒక చిన్న పండుగ. పోయిన పన్ను స్థానంలో మరొకటి వస్తుందన్న ధీమా ఆ ఆటలో ఉంది. ఆ ధీమాయే ఒక్కొక్కప్పుడు బిడ్డకు శత్రువవుతుంది. 'పాలపళ్లే కదా, ఎలాగూ ఊడిపోయేవే' అని పెద్దలు ఊరుకుంటారు. పుచ్చిన పన్ను రాత్రివేళ సలుపుతుంది. తల్లి లవంగం నలిపి పెట్టి జోకొడుతుంది. తెల్లవారితే నొప్పి కాస్త తగ్గుతుంది, ఆ సంగతి అందరూ మరచిపోతారు.

పాలపళ్లు 20. ఆరవ నెల ప్రాంతంలో మొదలై మూడేళ్లు నిండేసరికి అన్నీ వస్తాయి. వెనుక రాబోయే శాశ్వత దంతాలకు అవి చోటు కాపాడతాయి. అకాలంలో ఊడితే పక్కపళ్లు ఆ చోటులోకి ఒరిగి, రావలసిన పన్ను వంకర తిరుగుతుంది. ఇంతకన్నా పెద్ద పొరపాటు ఆరవ ఏట జరుగుతుంది. ఆ వయస్సులో ఏ పన్నూ ఊడకుండానే, వరుస చివర, మొదటి శాశ్వత దవడపన్ను మొలుస్తుంది. అది జీవితాంతం ఉండవలసినదని తెలియక, దానినీ పాలపన్నుగానే ఎంచి పుచ్చిపోనిస్తారు.

అరకులోయ అనగానే కాఫీతోటలు, బొర్రా గుహలు, సొరంగాల గుండా సాగే రైలుబండి మనస్సులో మెదులుతాయి. ఆ కొండలలో పంటినొప్పితో బడికి వెళ్లే పిల్లవాడు యాత్రికునికి కనిపించడు. చోడి అంబలి తాగి, పందుంపుల్లతో పళ్లు తోముకొన్న తాతల కాలం వేరు. నేడు సంతకు పోయిన తండ్రి బిడ్డకు బిస్కట్టు పొట్లమో, చాక్లెట్టో తేకుండా ఇంటికి రాడు. ప్రేమతో తెచ్చినదాన్ని తప్పుపట్టడం న్యాయం కాదు. తీపి తిండి కొండ ఎక్కినంత వేగంగా దంతవైద్యుడు ఎక్కలేదన్నదే విచారించదగిన విషయం. పెద్ద చికిత్స కావాలంటే సుమారు 115 కిలోమీటర్ల దూరంలోని విశాఖపట్నానికి అనంతగిరి ఘాట్ దిగి పోవాలి. ఒక పంటి కోసం రెండు రోజుల కూలి వదులుకొనే కుటుంబాలు ఎన్ని ఉంటాయి?

దూరం ఒక్కటే అడ్డంకి కాదు. ఈ మన్యంలో బగతలు, వాల్మీకులు, కొండదొరలు, కోటియాలు, పోర్జాలు, గదబలు, కొందులు నివసిస్తున్నారు. అరకు పరిసరాలలో ఆదివాసీ ఒడియా పలువురికి ఉమ్మడి భాష. కొందుల ఇంటిభాష కువి. మైదానం నుండి వచ్చిన వైద్యుడు ఎంత మంచివాడైనా, తెల్లకోటు వేసుకొని తెలియని మాటలతో 'నోరు తెరు' అంటే ఐదేళ్ల బిడ్డ దవడలు మరింత బిగుస్తాయి.

ఇక్కడే ఒక ఉద్యోగం మాట వస్తుంది. బైపీసీ చదివి, ఇంటర్ పరీక్షలు ముగించిన కొండ అమ్మాయిని ఒకతెను అరకులోయలోని ఏ కళాశాల వరండాలోనైనా ఊహించుకోవచ్చు. దంతవైద్య పట్టా కావాలంటే నీట్ పరీక్షలో ర్యాంకు రావాలి. ఆపై ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదేళ్లు చదవాలి. ఇంటి పరిస్థితి అంతదూరం సాగనివ్వదు. పిల్లల దంతవైద్యుని వద్ద సహాయకురాలిగా చేరతానని ఆమె అంటే, మేనమామ నోటి వెంట మొదట వచ్చేమాట ఇదే: "ఇంత చదివి గిన్నెలు కడిగే పనా పాపా? నర్సువైతే నలుగురూ గౌరవిస్తారు."

మేనమామ మాటలో కొంత నిజం ఉంది. పరికరాలు కడగడం ఆ పనిలో భాగమే. అయితే కడిగి ఊరుకోవడం కాదు. వాటిని ఆటోక్లేవులో 121 డిగ్రీల ఆవిరిలో కనీసం పదిహేను నిమిషాలు ఉంచకపోతే ఒకరి రోగం మరొకరి నోటికి చేరుతుంది. వైద్యుని రెండు చేతులకు సహాయకురాలి రెండు చేతులు తోడవుతాయి కనుక ఈ పద్ధతిని 'నాలుగు చేతుల దంతవైద్యం' అంటారు. నోటిలో ఊరే ఉమ్మిని యంత్రంతో పీల్చడం, అడగకముందే తగిన పరికరం అందించడం, పొడిని ద్రవంతో కలిపి అది గట్టిపడకముందే వైద్యుని చేతికివ్వడం ఆమె వంతు. సూదిమందును బిడ్డ కంటపడకుండా గడ్డం కిందుగా అందించడానికి ప్రత్యేకమైన నేర్పు కావాలి.

పిల్లల విషయంలో అసలు పని నోరు తెరవకముందే మొదలవుతుంది. 1959లో అడెల్‌స్టన్ అనే అమెరికా దంతవైద్యుడు 'చెప్పు, చూపు, చెయ్యి' అనే క్రమాన్ని ప్రతిపాదించాడు. ఏం చేయబోతున్నారో బిడ్డకు తెలిసిన మాటల్లో చెప్పాలి, తిరిగే బ్రష్షును ముందు వాడి గోటిమీద ఆడించి చూపాలి, ఆ తరువాతనే పంటిని తాకాలి. ఈ మూడింటిలో మొదటిది తల్లిభాషలో జరిగితేనే తక్కిన రెండూ సాగుతాయి. కొండ అమ్మాయికి ఉన్న అర్హత ఏ కళాశాలా ఇవ్వలేనిదని ఇక్కడ తేలుతుంది.

ఈ వృత్తికి చరిత్ర లేకపోలేదు. 1885లో అమెరికాలోని న్యూ ఆర్లియన్స్ నగరంలో ఎడ్మండ్ కెల్స్ అనే దంతవైద్యుడు మాల్వినా అనే యువతిని సహాయకురాలిగా నియమించుకొన్నాడు. ఆమె ఉన్నదన్న భరోసాతో స్త్రీలు తోడు లేకుండానే వైద్యానికి రాగలిగారు. న్యూజిలాండు మరింత ముందుకు పోయి, 1921లో యువతులకు శిక్షణనిచ్చి బడులలో పిల్లల పళ్లకు చికిత్స చేసే పథకం ప్రారంభించింది. దాని సూత్రధారి థామస్ హంటర్. అయినా అక్కడి పిల్లలు ఆ చికిత్సాలయాలకు 'హత్యాగృహం' అని పేరు పెట్టారు! సేవ ఎంత గొప్పదైనా, చేతిలో మృదుత్వం లేకపోతే పిల్లలు క్షమించరు.

మన దేశంలో 1948 నాటి దంతవైద్యుల చట్టం వైద్యులతోపాటు డెంటల్ హైజీనిస్టులను, డెంటల్ మెకానిక్కులను గుర్తించి, వారికి రిజిస్టర్లు ఏర్పరచింది. కుర్చీ పక్కన నిలబడే సహాయకురాలికి అందులో చోటు దక్కలేదు. చాలామంది పనిలో చేరిన తరువాతే పని నేర్చుకొన్నారు. జీతం గొప్పగా ఉండదు. చూడగా మేనమామ భయం ఉద్యోగపు విలువ గురించి కాదు, దానికి పేరు లేకపోవడం గురించి. ఆ భయాన్ని కొట్టిపారవేయరాదు. చేరేముందు రెండేళ్ల హైజీనిస్టు డిప్లమా అందుబాటులో ఉన్నదేమో విచారించడం వివేకం.

అయితే కొండకు తగిన వైద్యం ఇప్పటికే ఉంది. 1980ల నడుమ టాంజానియాలో ఫ్రెంకెన్ అనే దంతవైద్యుడు విద్యుత్తు, డ్రిల్లు లేకుండా చేతి పరికరాలతోనే పుచ్చును తొలగించి, గ్లాస్ అయానోమర్ అనే పదార్థంతో పూడ్చే విధానాన్ని రూపొందించాడు. ఒక బల్ల, ఒక సంచి, ఇద్దరు మనుషులు చాలు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పద్దెనిమిదేళ్లలోపు పిల్లలలో పరీక్షించే లోపాలలో దంతవ్యాధులూ ఉన్నాయి. 2022లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాకు కేంద్రమైన పాడేరులో 2024 నుండి ప్రభుత్వ వైద్య కళాశాల నడుస్తోంది. దారులు కొద్దికొద్దిగా తెరుచుకొంటున్నాయి.

ఆ అమ్మాయి నిజంగానే ఆ పనిలో చేరి, ఒకనాడు ఆశ్రమ పాఠశాల వరండాలో బల్ల పక్కన నిలబడిందనుకొందాం. రెండో తరగతి పిల్లవాడు ఆమె కొంగు పట్టుకొని మెల్లగా అడుగుతాడు: "అక్కా, సూది ఏస్తారా?"

లేదని చెప్పడం సులభం. వాడు వెంటనే నోరు తెరుస్తాడు. కాని మరునాటినుండి ఆ బడిలో ఒక్క బిడ్డ కూడా ఆమె మాట నమ్మడు. ఆమె వాడి ఎత్తుకు కూర్చొని, వాడి ఇంటిభాషలో చెబుతుంది: "ఏస్తారు. చిన్న సూదే. చీమ కుట్టినట్టు ఉంటుంది. ముందు నీకు చెప్పే ఏయిస్తాను. అంతవరకు నా చెయ్యి పట్టుకో."